లేచినాక ఇచ్చిన తాళాలు

మొన్న బుధవారం నరసరావుపేట బస్టాండులో నా అరచేతికి అంటిన ఇనుము వాసన, ఇంటికొచ్చి సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు. మాచర్ల బస్సు కోసం నిలబడ్డ ఒక అమ్మాయి, పాతికేళ్ళు కూడా ఉండవు, ఉన్నట్టుండి బిగుసుకుపోయి నా ముందే పడింది. నా మోకాళ్ళు సహకరించి నేను కింద కూర్చునేలోపే నలుగురు పరిగెత్తుకొచ్చారు. ఒక ఆటో ఆయన తన బండి తాళం ఆమె పిడికిట్లో కుక్కబోయాడు. చెయ్యి అడ్డం పెట్టి ఆ తాళం నేను తీసుకున్నాను. "ఏందమ్మా నువ్వు, పిల్ల చచ్చిపోద్ది, పెట్టనీ" అన్నాడు. "చావదు. కాస్త జరుగు, గాలి రానీ" అన్నాను. ఆ అమ్మాయి సంగతి చివర్లో చెబుతాను. ఆ మాట అంత గట్టిగా అనడం నాకు నేర్పిన మనిషి గురించి ముందు చెప్పాలి. ఆమె పేరు నాగరత్నమ్మ. గురజాల రోడ్డులో ఆమెకు పత్తి జిన్నింగ్ మిల్లు ఉండేది. పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది కాబట్టి ఇది చదివేవాళ్ళలో ఆమెను చూసినవాళ్ళు ఉంటారని నేను అనుకోను.

నాకు మూర్ఛ ఉంది. ఉండేదని రాయను, ఎందుకంటే పొద్దునా రాత్రీ బిళ్ళ ఇప్పటికీ వేసుకుంటున్నాను. పదిహేడో ఏట మొదలైంది. అప్పటినుంచి ఎప్పుడు పడి లేచినా నా పిడికిట్లో ఏదో ఒక ఇనప ముక్క ఉండేది. తాళంచెవి, కొడవలి పిడి, ఒకసారి మా నాన్న నాపరాళ్ళు చెక్కే ఉలి. చెమట పట్టిన ఇనుము వాసన ఎలా ఉంటుందో మీకందరికీ తెలుసు. నా వరకు అది లోకంలోకి తిరిగొచ్చే వాసన. కళ్ళు తెరిస్తే చుట్టూ ముఖాలుండేవి. ఏమైందని అడిగితే ఇంట్లో ఒకటే జవాబు చెప్పేవాళ్ళు. "ఏం లేదులే, కళ్ళు తిరిగినయి." అబద్ధమని నాకు తెలిసేది. తడిసిన చీర, నాలిక మీద నెత్తురు, ఒళ్ళంతా రోకళ్ళతో దంచినట్టు నొప్పి. కళ్ళు తిరిగితే ఇన్ని జరగవు. కానీ ఆ కాసేపు నేను అక్కడ లేను. నా ఒంటికి జరిగినదాన్ని అందరూ చూశారు, నేను తప్ప. చూసినవాళ్ళు దాన్ని నాకు తెలియకుండా దాచుకునేవాళ్ళు.

మా నాన్న నడికుడి దగ్గర నాపరాళ్ళ గనిలో మేస్త్రీ. నేను బీకాం ప్యాసయ్యాక 1982 జూన్‌లో నన్ను వెంటబెట్టుకుని రత్నమ్మగారి మిల్లుకు తీసుకెళ్ళాడు. దారిలో ఒకటే మాట చెప్పాడు, నీ జబ్బు సంగతి ఎత్తొద్దని. ఎత్తలేదు. ఆమెకు అప్పుడు యాభై దాటి ఉంటాయి. సన్నగా, పొడవుగా, మొగుడి చేతిగడియారం మణికట్టుకు వదులుగా వేలాడుతూ ఉండేది. ఆయన పోయాక మిల్లు ఆమే నడిపింది, మరిది కోటయ్యకు నాలుగో వంతు వాటా ఉండేది. కాటా వేసిన పత్తి బస్తాల బరువులున్న కాగితం నా ముందు పెట్టి, "నేను కూడి పెట్టా, సరిపోయిందో లేదో చూడు" అంది. చూశాను. "ఎనిమిది కిలోలు తప్పిందండీ" అన్నాను. "నా కూడికని తప్పంటావా?" "తప్పయితే అంటానండి." ఆమె మా నాన్న వైపు తిరిగి, "ఇంట్లో కూడా ఇట్టానే ఉంటదా?" అంది. "ఇంతకంటే ఎక్కువేనమ్మా" అన్నాడు నాన్న పాపం నిజాయితీగా. మర్నాటి నుంచే రమ్మంది.

పత్తి వచ్చే కాలం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఆఫీసు గదిలోనే పడ్డాను. కళ్ళు తెరిచేసరికి మామూలుగానే పిడికిట్లో తాళాల గుత్తి ఉంది. ముందు పన్ను సగం లేదు. రత్నమ్మగారు కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుని ఉంది. ఏమైందండీ అని అలవాటుగా అడిగాను, అలవాటైన జవాబు వస్తుందని.

"పడ్డావు" అంది ఆమె. "ముందు ఎడం చెయ్యి కొట్టుకుంది, తర్వాత ఒళ్ళంతా. కళ్ళు పైకి పోయినయి. చీర తడిసింది, మిల్లు ఊడ్చే వెంకాయమ్మ మార్చింది. నాలిక తెగుద్దని ఎవరో అంటే నోట్లో చెంచా పెట్టా. నాలికా తెగింది, పన్నూ ఇరిగింది. ఆ పని నాదే. ఇంకేమన్నా తెలుసుకోవాలా?"

నాకు ఏడుపు రావాలి. రాలేదు. ఐదేళ్ళలో మొదటిసారి ఎవరో నా వస్తువు నాకు తెచ్చి ఇచ్చినట్టనిపించింది. "ఎంతసేపండీ?" అని అడిగాను. "గడియారం చూళ్ళా. ఈసారి చూస్తా" అంది. ఈసారి అంది. ఆ మాటను ఆ రాత్రి ఇంట్లో ఎన్నిసార్లు తలుచుకున్నానో. ఈసారి పడితే కూడా ఆ గదిలోనే పడతానని, అంటే ఉద్యోగం పోలేదని అర్థం.

ఆ వారమే ఆమె మా ఇంటికొచ్చింది. నాన్న నన్ను మాచర్ల అవతల ఒక ఊరికి తీసుకెళ్ళాలని సిద్ధమవుతున్నాడు, అక్కడెవరో నుదుటి మీద వాత పెడతారట. ఆమె అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండా పక్కన పెట్టింది.

"వాత పెట్టిస్తే తగ్గుద్దంటున్నారమ్మగారూ" అన్నాడు నాన్న.

"ఎవరికి తగ్గింది? ఒక్కడి పేరు చెప్పు."

నాన్న ఆ నీళ్ళ గ్లాసు మళ్ళీ ఆమె ముందుకు జరిపాడు.

"నా మిల్లులో మోటారు ఆగి ఆగి తిరిగితే, తెలిసినోణ్ణి పిలిచి తీగలు చూపిస్తా గానీ మోటారుకి వాతలు పెడతానా? సోమవారం గుంటూరు పోదాం. నేనూ వస్తా, పడ్డప్పుడు చూసింది నేను గదా."

గుంటూరులో పెద్ద డాక్టరు నన్ను రెండు మాటలు అడిగి, "ఈమెకు తెలియదు, చూసినవాళ్ళెవరు?" అన్నాడు. రత్నమ్మగారు నాకు చెప్పినట్టే, ఒక్క మాట తగ్గించకుండా చెప్పింది, చెంచా సంగతితో సహా. ఆయన రాసుకుంటూ, "సగం పరీక్ష మీరే చేశారు" అన్నాడు. తర్వాత నా తలకు తీగలు అతికించి కాగితం మీద గీతలు తీశారు. మెదడులో కణాలన్నీ చిన్న చిన్న కరెంటుతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని, ఎవరి వంతులో వాళ్ళు మాట్లాడుకున్నంతసేపూ మనిషి బాగుంటాడని, అప్పుడప్పుడు ఒక మూల కొన్ని కణాలు ఒక్కసారే కేకలు మొదలుపెడితే ఆ గోల తల మొత్తం పాకుతుందని, దాన్నే మూర్ఛ అంటామని చెప్పాడు. గాలి కాదు, దయ్యం కాదు, అంటుకునేది అసలే కాదు. "ఎడం చెయ్యి ముందు కదిలిందన్నారు కాబట్టి గోల మొదలయ్యేది తలలో కుడివైపు" అన్నాడు.

"ఎక్కడో చూపించగలరా?" అంది రత్నమ్మగారు.

"ఇక్కడ, ఈ రోజున, చూపించలేను. కుడివైపని మాత్రం చెప్పగలను."

"సరే. మరి చేతిలో తాళాలు పెడితే తగ్గిద్దంటారు?"

ఆయన నవ్వాడు. "చాలాసార్లు అది రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. మీరు తాళం వెతికి తెచ్చి పెట్టేసరికి ఆగే వేళవుతుంది."

"అంటే పని ఒంటిది, పేరు తాళానిదా" అంది ఆమె. ఎవరి కష్టాన్నో ఇంకొకరు తమదని చెప్పుకుంటే ఆమెకు ఒళ్ళు మండేది. ఆయన చెప్పినవి నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. నోట్లో ఏదీ పెట్టొద్దు, నీళ్ళు కూడా పొయ్యొద్దు. కాళ్ళూ చేతులూ అదిమి పట్టొద్దు. తల కింద మెత్తటిదేదన్నా పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బిళ్ళ ఒక్కపూట కూడా మానొద్దు, నిద్ర చెడగొట్టుకోవద్దు. తిరుగు ప్రయాణంలో రత్నమ్మగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సత్తెనపల్లి దాటాక, "చిన్నప్పట్నుంచీ ఎంతమంది చేతుల్లో తాళాలు పెట్టానే నేను" అంది. పశ్చాత్తాపం కంటే ఆ గొంతులో కోపమే ఎక్కువ వినిపించింది. తన కాటా ఇంతకాలం తప్పు తూచిందని తెలిసిన మనిషి కోపం.

ఆమె మెత్తటి మనిషని మీరు అనుకోకూడదు. రోజూ పదింటికి, రైతులున్నా హమాలీలున్నా, "ఏమే సుశీలా, బిళ్ళ మింగావా?" అని గదంతా వినబడేలా అడిగేది. నాకు తల కొట్టేసినట్టుండేది. ఒకరోజు మెల్లగా అడగమని బతిమాలాను. "షుగరు బిళ్ళ వేసుకునేవాడు మెల్లగా వేసుకుంటన్నాడా? మీ నాన్న దాచాడు, నేనూ దాచాలా?" అంది. జిన్నింగ్ మిషన్లున్న షెడ్డులోకి నన్ను అడుగు పెట్టనిచ్చేది కాదు. నన్ను నమ్మటం లేదని ఒకసారి గట్టిగానే పోట్లాడాను. "నిన్ను నమ్ముతా. మిషన్ని నమ్మను. దానికి నువ్వు పడ్డావని తెలవదు" అని తన పని తాను చూసుకుంది. మెచ్చుకోలు మాట పదకొండేళ్ళలో ఒక్కటి కూడా ఆమె నోటి నుంచి నేను వినలేదు.

బిళ్ళలతో చాలా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. 1984 జనవరిలో, మిల్లు ఆవరణ నిండా పత్తి బళ్ళు ఆగి ఉన్న రోజున, కాటా పక్కనే పడ్డాను. ఇప్పుడు రాసేది నేను చూసింది కాదు. రత్నమ్మగారు చెప్పగా విన్నది, వెంకాయమ్మ చెప్పినదానితో పోల్చి సరిచూసుకున్నది. పడగానే తాళం, తాళం అని కేకలు లేచాయట. కోటయ్య మొలకు కట్టుకున్న గోడౌను తాళాల గుత్తి ఊడదీసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"వదినా జరుగు, పిల్ల పోయేట్టుంది."

"మొలకే కట్టుకో కోటయ్యా. ఎవరూ ముందుకు రాబాకండి."

ఖాళీ బస్తా మడిచి నా తల కింద పెట్టి, నన్ను పక్కకు తిప్పి, జనానికీ నాకూ మధ్య నిలబడిందట ఆమె. చేతిగడియారం వైపే చూస్తూ ఉంది. ఎవరో చెప్పు వాసన చూపించమన్నారు. "నీ చెప్పు నువ్వే చూసుకో" అంది. నిమిషమైంది అని పైకే చెప్పింది. రెండు అని చెప్పింది. అంతమంది మగవాళ్ళు, ఏం చెయ్యకుండా నిలబడటం చేతగాక కాళ్ళు మార్చుకుంటున్నారట. ఇంకాసేపటికి నా ఒళ్ళు వదులైంది, ఊపిరి గురక పెట్టి వచ్చింది. "చూశారుగా. తాళం లేదు, చెప్పు లేదు. ఆగింది" అంది ఆమె, సరుకు కాటా వేసి బరువు చెప్పే గొంతుతోనే.

ఒక రైతు మాత్రం, ఇలాంటి చోట పత్తి దించితే కలిసిరాదని, బళ్ళు మళ్ళించమని పాలేరుతో అన్నాడు. "దించబాక. దోవ అటు" అని రత్నమ్మగారు గేటు వైపు చూపించింది. మూడు బళ్ళు వెళ్ళిపోయాయి. కోటయ్య ఆ సాయంత్రం ఆమె ముందు కూర్చుని తేల్చి చెప్పాడట. ఈ పిల్ల ఇక్కడుంటే జనం రారు, ఈమెనన్నా పంపించు, నా వాటా అన్నా తేల్చు అని. అతను చెడ్డవాడు కాదు. నా చేతిలో తాళం పెట్టాలని పరిగెత్తినప్పుడు చెప్పులు కూడా వదిలేసి వచ్చాడని వెంకాయమ్మ చెప్పింది. నేను బతకాలని అతను నిజంగానే కోరుకున్నాడు. బతికి, అక్కడ పనిచెయ్యాలని మాత్రం కోరుకోలేదు.

మర్నాడు నేను మిల్లుకు పోనని ఇంట్లో చెప్పాను. అందరూ చూశారు, ఇంకేముందని. నాన్న కూడా ఊ అన్నాడు. తొమ్మిదింటికి వెంకాయమ్మ వచ్చి, "అమ్మగారు గడియారం చూసుకుంటంది" అని మాత్రం చెప్పి నిలబడింది. వెళ్ళాను. ఆవరణలో నిన్నటి మనుషులే చాలామంది ఉన్నారు. నాలిక వాచి మాట ముద్దగా వస్తోంది. తలెత్తకుండా ఆఫీసు గది వైపు నడుస్తుంటే రత్నమ్మగారు కాటా దగ్గరికి పిలిచింది. కోటయ్యనూ పిలిచింది.

"నిన్న ఈ పిల్ల చేతిలో తాళాలు పెట్టాలని ఎగబడ్డావు గదా. ఇప్పుడు పెట్టు."

కోటయ్యకు అర్థం కాలేదు. "ఇప్పుడు బానే ఉంది గదా వదినా."

"బాగుంది కాబట్టే పెట్టమంటన్నా. ఇయ్యాల్టి నుంచి గోడౌను ఈమె చూసుద్ది. లెక్క ఈమెది, తాళం ఈమెది."

"అదేంది వదినా, రోగిష్టి పిల్ల చేతిలోనా? మతి ఉండి అనే మాటేనా ఇది?"

"పడ్డప్పుడు తాళాలివ్వటానికి ఊరంతా పరిగెత్తుకొస్తది కోటయ్యా. లేచినాక ఇచ్చేవాడు ఒక్కడూ లేడు. నువ్వన్నా ఇయ్యి."

కోటయ్య మొలకున్న గుత్తి ఊడదీసి నా చేతిలో పెట్టాడు. అవి అతని ఒంటి వేడితో ఇంకా వెచ్చగా ఉన్నాయి. అదే ఇనుము, అదే వాసన. కళ్ళు తెరిచి, కాళ్ళ మీద నిలబడి, నేను చూస్తుండగా నా చేతికి తాళాలు రావడం అదే మొదటిసారి. నేను వేళ్ళు ముడిచాను. ఆ ముడవడం నేనే చేశాను.

కోటయ్య ఆ వేసవిలో వాటా తీసుకుని పిడుగురాళ్ళలో సున్నపు బట్టీ పెట్టుకున్నాడు. వెళ్ళిపోయిన రైతు మళ్ళీ మా మిల్లుకు రాలేదు. అంతా సుఖాంతమైందని రాయడం నాకు ఇష్టం లేదు. ఆమె నష్టపోయింది, నష్టపోతానని తెలిసే చేసింది. ఆ సంగతి ఆమె ఎన్నడూ నాతో ఎత్తలేదు. మిల్లు అమ్ముడుపోయే దాకా, ఇంకో మూడు సార్లు పడి కూడా, ఆ తాళాలు నేనే దగ్గర పెట్టుకున్నాను. గోడౌనులో ఒక్క పత్తి బేలు తేడా రాలేదు.

1986లో నాకు ఒక సంబంధం వచ్చింది. జబ్బు దాచి పెళ్ళి చేద్దామని నాన్న ఆశ. ఆ రోజుల్లో మూర్ఛ ఉందన్న కారణం చూపించి పెళ్ళి కొట్టెయ్యమని కోర్టుకెళ్ళే వీలు చట్టంలోనే ఉండేది. ఆ మాటను తర్వాత ఎన్నో ఏళ్ళకు గానీ తీసెయ్యలేదు. నేను చెప్పింది ఆ చట్టానికి భయపడి కాదు. పెళ్ళివారు కూర్చున్నాక, రత్నమ్మగారు పదింటికి నన్నడిగే గొంతు ఎంత పెద్దదో అంత పెద్ద గొంతుతో, "నాకు మూర్ఛ ఉందండీ, బిళ్ళలు వాడుతున్నాను" అన్నాను. కాఫీ ముట్టకుండా లేచారు. నాన్న నాతో వారం రోజులు మాట్లాడలేదు. మిల్లులో చెబితే రత్నమ్మగారు, "కాఫీ మిగిలిందిగా, మాకు తెచ్చి పోయాల్సింది" అంది. రెండేళ్ళ తర్వాత వచ్చినాయన రైల్వేలో గుమాస్తా. నేను అదే మాట అదే గొంతుతో చెబితే, కాస్త ఆలోచించి, "వచ్చినప్పుడు నేనేం చెయ్యాలి?" అని అడిగాడు. ఆయననే చేసుకున్నాను. గడియారం చూడటం ఆయనకూ నేర్పాను.

రత్నమ్మగారు 1993లో గుండె ఆగి పోయారు. ఆమె పోయిన కొన్నేళ్ళకు నాకు తల స్కానింగ్ తీశారు. డాక్టరమ్మ ఫిల్ము వెలుగులో పెట్టి, కుడివైపున వేలు ఆనించి, "ఇదిగో, ఇక్కడ" అంది. కందిగింజంత మచ్చ. ఎప్పుడో చిన్నప్పుడు సరిగా కడగని తిండి వెంట కడుపులోకి పోయిన పురుగు గుడ్డు ఒకటి మెదడుకు చేరి, అక్కడే ఎండిపోయి మిగిల్చిన మచ్చ కావచ్చని చెప్పింది. నుదుటి రాత అని మా వీధంతా అన్నది కందిగింజంత మచ్చ. మా నాన్న వాత పెట్టించాలనుకున్న చోటుకు అది దగ్గర్లో కూడా లేదు. ఇప్పుడు కొందరికి ఆ చోటు కనిపెట్టి ఆపరేషన్ చేస్తున్నారు, మందులు పెరిగాయి, పడబోయేముందే పసిగట్టే పరికరాల కోసం పరిశోధనలు చేస్తున్నారు. మూర్ఛ ఒక్క జబ్బు కాదని, ఎన్నో కారణాలున్నాయని, కొన్నిటికి కారణం ఇంకా తెలియదని డాక్టరమ్మ చెబుతుంది. అన్నీ శ్రద్ధగా వింటాను. కానీ ఆ రోజు ఆ ఫిల్ము చేత్తో పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నప్పుడు, దాన్ని చూపించాల్సిన మనిషి ఒక్కతే గుర్తొచ్చింది. ఎక్కడో చూపించగలరా అని అడిగింది ఆమె. జవాబు వచ్చేసరికి ఆమె లేదు.

బస్టాండు అమ్మాయి రెండు నిమిషాల లోపే నెమ్మదించింది. నేను నా సంచి ఆమె తల కింద పెట్టి, పక్కకు తిప్పి, ఊపిరి చూసుకుంటూ పక్కనే కూర్చున్నాను. ఆటో ఆయన తన తాళం తీసుకుని కూడా వెళ్ళలేదు, అక్కడే నిలబడి చూశాడు. కాసేపటికి ఆమె కళ్ళు తెరిచి, ముఖాలన్నీ ఒకసారి చూసి, చివరికి నా దగ్గర ఆగింది. "ఏమైందండీ?" అంది. వెనక ఎవరో దయగల ఆడమనిషి, "ఏం లేదమ్మా, కళ్ళు తిరిగినయి" అంది.

"కళ్ళు తిరగలేదు, పడ్డావు" అన్నాను. "ముందు మెడ పక్కకు లాగింది, తర్వాత ఒళ్ళంతా కొట్టుకుంది. నోట్లో ఎవర్నీ ఏం పెట్టనివ్వలేదు. చీర తడవలేదు. మోచెయ్యి గీరుకుంది, అంతే."

ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. తర్వాత గొంతు తగ్గించి, "ఎంతసేపండీ?" అని అడిగింది.

"రెండు నిమిషాల లోపే. గడియారం చూశాను. బిళ్ళ వేసుకుంటున్నావా?" అన్నాను, అందరికీ వినబడేలాగే. ఆమె చుట్టూ చూసి, "నిన్న మర్చిపోయానండీ" అంది, తనూ వినబడేలాగే. మాచర్లలో బడి పంతులమ్మట. ఇంకో గంట అక్కడే కూర్చోబెట్టాను. మజ్జిగ తాగింది, ఊళ్ళోనే ఉండే వాళ్ళక్కకు ఫోను చేసింది. అక్క వచ్చాక లేచి తన కాళ్ళ మీద తను నిలబడింది. అప్పుడు చూశాను, పడ్డప్పుడు ఆమె చేతిసంచిలోంచి జారిన గది తాళంచెవి బెంచీ కింద ఉంది. వంగి తీశాను. దుమ్ము తుడిచి, ఆమె చెయ్యి చాపేదాకా ఆగి, అరచేతిలో పెట్టాను. ఆమె వేళ్ళు ముడిచింది.